కుండలోది, డబ్బాలోది

ఆమె పోయిన సంగతి నాకు గద్వాల బస్టాండులో తెలిసింది. అయిజ బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ చాలాసేపు నా వంకే చూసి, దగ్గరికొచ్చి, "మీరు మా ఊర్ల పంతులమ్మ గద?" అంది. ఎవరో నాకు వెంటనే తట్టలేదు. నేను ఆ ఊరు వదిలి ఏడేళ్లయింది. బురఖా వేసుకున్న మనిషిని అంత దూరం నుంచి ఎలా పట్టావమ్మా అని అడిగితే, జంకుతూ, "మీ చెంపలు సూసి" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొండమీది ఊళ్లో నేను అద్దెకున్న ఇంటి అవ్వ కోడలు. పుట్టిల్లు అయిజ దగ్గర, అక్కడికే పోతోంది. కుశలం అడిగేలోపే తనే చెప్పింది.

"అత్త పోయింది పంతులమ్మా. మొన్న చలికాలంల."

అయ్యో అనాలి. నా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. చచ్చినవాళ్ల కళ్లు చారెడు అంటారు. బతికుండగా చింతగింజంత ఉన్నా పోయాక చారెడని పొగడాలి. నావల్ల కాదు. ఆమె కళ్లు చిన్నవే. ఆ చిన్న కళ్లతోనే ఎవరి చర్మం ఏం అడుగుతోందో చూసి చెప్పేది. నాకు తెలిసిన మంచిమనుషుల్లో ఆమె ఒకతె. నన్ను మోసం చేసినవాళ్లలో మొదటిదీ ఆమే. ఈ రెండు మాటలూ ఒక మనిషి గురించే చెప్పాల్సి రావడం నా ఖర్మ.

నేను కొల్లాపూర్ పిల్లను. మా అబ్బా మామిడితోటలు గుత్తకు పట్టేవాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. నలుగురు ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే నలుపు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. పెళ్లిళ్లలో ఫోటో తీసేటప్పుడు మాత్రం "నువ్వు పొడుగున్నావు, వెనక నిలబడు" అనేవాళ్లు. నిజానికి నలుగురిలో నేనే పొట్టి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నన్ను విద్యా వాలంటీరుగా నల్లమల మీద ఒక ఊరిబడికి వేశారు. సోమవారం కోడి కూయకముందే కొల్లాపూర్‌లో బయల్దేరి, అచ్చంపేటలో బస్సు మారి కొండదారి ఘాటెక్కితే బడిగంటకు కాస్త అటూ ఇటుగా చేరేదాన్ని. శనివారం సాయంత్రం మళ్లీ దిగేదాన్ని. మిగతా రోజులు అవ్వ ఇంటి ముందు గది నాది.

కొండమీద చల్లగా ఉంటుంది కాబట్టి ఒంటికి సుఖమని కిందివాళ్లం అనుకుంటాం. చలికాలంలో అక్కడి గాలి పొద్దున చెంపల్ని కోస్తుంది. మధ్యాహ్నం అదే చల్లగాలిలో నిలబడి ఎండ సంగతి మరిచిపోతాం. ఎండ మనల్ని మరిచిపోదు. పదిహేను రోజులకల్లా నా పెదవులు పగిలి నవ్వితే నెత్తురొచ్చేది. పిక్కల మీద గోరుతో గీస్తే పలక మీద బలపంతో రాసినట్టు తెల్లని గీత పడేది.

ఒకరోజు పొద్దున వాకిట్లో కూర్చుని, సబ్బుతో బరబరా ముఖం తోముకుంటున్నాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి సబ్బు లాగేసుకుంది.

"బట్టలకు పెట్టేది మొకానికి పెడ్తవా? మొకమేమన్న మసిగుడ్డనా?"

"మురికి పోవాలి కదా అవ్వా."

"మురికి పోతది. దాంతోని తోలు గూడ పోతది. ఏదీ, చెయ్యి ఇటియ్యి."

నా చేతి వెనకభాగాన్ని రెండు వేళ్లతో చిటికెడు పట్టి ఎత్తి, వదిలింది. తల కాస్త పక్కకు వంచి, అది మళ్లీ ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసింది. అదే ఆమె నాడి పట్టడం. ఎవరింటికి పోయినా, ఎవరు తన ఇంటికొచ్చినా, మంచినీళ్లు ఇవ్వకముందే ఈ చిటికె పట్టేది.

"నీ తోలు దూపగొన్నది బిడ్డా. నీల్లు మనిషే తాగుతదనుకుంటివా? తోలు గూడ తాగుతది" అంది.

నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

ఇంట్లో పొయ్యి మూలన మూతికి గుడ్డ కట్టిన నల్లకుండ ఒకటుండేది. అందులో ఇప్పగింజల నూనె. వానాకాలం మొదట్లో అడవిలో ఏరుకొచ్చిన గింజల పలుకులు ఎండబెట్టి, గానుగాడించి, ఆ నూనె కాచి, తేనెపట్టు మైనం కొంచెం వేసి కలిపేది. చలికి అది నెయ్యిలా పేరుకునేది. దాని వాసన గురించి ఏం చెప్పను? మొదటి శనివారం నేను ఇంటికి పోతే మా అమ్మీ గుమ్మంలోనే ఆపి, "ఏ గానుగలో పడి లేచొచ్చావే?" అంది. వాసన అలాంటిది. పని మాత్రం పనే.

ఊరికే రాయనిచ్చేది కాదు. మొదట మోచేతి మడతలో చిటికెడు పెట్టేది. "పొద్దుగూకేదాంక సూడు. దురద రాకుంటె, ఎర్రగ గాకుంటె, రేపు మొకానికి. అమ్మ పెట్టినా సరే, సూడకుండ పెట్టుకోవద్దు." ముఖానికి సబ్బు బదులు పెసరపిండి, మజ్జిగ. అదీ రోజూ కాదు. కడుక్కున్న ముఖం పూర్తిగా తుడిస్తే చేతి మీద ఒకటి వేసేది. "తడి ఉండంగనే నూనె పెట్టాలె. ఆరినంక పెడితె పదును పోయినంక ఇత్తనం ఏసినట్టే." పెదవులు పగిలితే పెదవులకు కాక బొడ్డులో నూనె చుక్క వేయమనేది. ఇది నాకిప్పటికీ అంతుపట్టలేదు గానీ వేసుకునేదాన్ని. మడమలకు రాత్రి గోరువెచ్చని ఉప్పునీళ్లు, పెంకుముక్కతో మెల్లగా రుద్దడం, ఆ తర్వాత కుండలోది. మధ్యాహ్నం కొంగు నెత్తిన కప్పుకోకుండా గడప దాటితే తిట్టేది. "ఎండ చెప్పి రాదు బిడ్డా, చలిగాలి ఎనకాల దాసుకోని వస్తది."

ఇవన్నీ చెప్పేటప్పుడు ఆమె కూర్చునేది కాదు. పొయ్యికీ గడపకూ మధ్య తిరుగుతూ, చేతికంటిన నూనె తన మోచేతులకే పూసుకుంటూ చెప్పేది. అరవై దాటిన మనిషి, మోచేతులు చిన్నపిల్లల బుగ్గల్లా ఉండేవి. ఆ మోచేతుల మీద ఆమెకు గర్వం. ఎవరైనా మాట నమ్మకపోతే చీరకొంగు తీసి మోచెయ్యి చూపించేది. "మనిషి అబద్ధమాడ్తడు గని తోలు ఆడదు" అనేది.

ఆ చలికాలం గడిచేసరికి నా చర్మం కుదుటపడింది. అంతకంటే పెద్ద మాట, కొండమీద నాకొక మనిషి దొరికింది. రాత్రి ఒంటరిగా అనిపిస్తే లేచి వెళ్లి ఆమె పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. ఫోటోల్లో వెనక వరుస సంగతి నేను అమ్మీకి కూడా చెప్పలేదు, ఆమెకు చెప్పాను.

"నల్లగుంటె ఏందే? రేగడి భూమి నల్లగుండదా? రంగుతోని పనేంది, తోలు గట్టిగుండాలె" అని నా తల నిమిరింది. ఆ మాటకు నేను ఏడ్చాను. ఇరవై రెండేళ్లలో నా రంగు గురించి ఒకరు అంత తేలిగ్గా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాట మరిచిపోకండి. నేను మరిచిపోలేదు, అదే నా బాధ.

మరుసటి ఏడు ఊరి కిరాణా కొట్టుకు తెల్లబడే క్రీము పొట్లాలు వచ్చాయి. షాంపూ పొట్లాల పక్కనే దండల్లా వేలాడదీశారు. వయసు పిల్లలంతా అటే. ఇప్పనూనె రాసుకుంటే వాసన అని ముక్కులు మూసుకోవడం నేర్చారు. గిన్నె పట్టుకుని అవ్వ గడపలో కూర్చునేవాళ్లు ఒక్కరొక్కరుగా తగ్గిపోయారు. గిన్నెడు నూనెకు బదులుగా వాళ్లు తెచ్చే జొన్నలూ గుడ్లూ పోయినందుకు ఆమె బాధపడలేదు. గడప ఖాళీ అయినందుకు పడింది. దారిలో పోయే పిల్లను పిలిచి చెయ్యి ఇమ్మంటే, "మల్లొస్త అవ్వా" అని జారుకునేది. ఆమె చిటికె పట్టే రెండు వేళ్లూ గాల్లోనే ఉండిపోయేవి.

ఆ వానాకాలమే ఆమె కాళ్లకు తామర వచ్చింది. ఎవరో ఇచ్చిన ఒక ట్యూబు రాస్తే తగ్గిందట. ఖాళీ ట్యూబు నా చేతిలో పెట్టి, "గిసొంటిదే తే బిడ్డా, కొల్లాపూర్ల" అంది. ఇన్ని ఆకులూ నూనెలూ తెలిసిన మనిషి దుకాణం మందు అడిగిందని నేను ఆటపట్టించాను. ఆమె నవ్వలేదు. "మొకానికి అడివి సాలు, కాళ్లకు దుకాణమే సరి" అంది.

సోమవారం బస్సెక్కేముందు మందుల దుకాణంలో ఆ ట్యూబు తీసుకున్నాను. దుకాణదారు గట్టిగా చెప్పాడు. ఇది ముఖానికి పెట్టకూడదు, కాళ్లకు కూడా పది పదిహేను రోజులే, తర్వాత ఆపాలి. నేను పంతులమ్మను కదా, అక్కడే పెన్ను తీసి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 'కాళ్లకు' అని రాశాను. పైకి వచ్చాక చదివి వినిపించాను, దుకాణదారు చెప్పింది పొల్లుపోకుండా చెప్పాను.

"నాకు సదువొస్తదా? నువు నోటితోని చెప్పినవ్ గద, సాలు" అంది.

చెప్పాను. ఆమె విన్నది. ఆ తర్వాత మొదట రెండు మూడు వారాలకొకసారి, పోనుపోను వారం వారం ట్యూబు అడిగేది. తగ్గలేదా అంటే "అదే తగ్గుతది, అదే వస్తది" అనేది. ముసలి ప్రాణం, కాళ్లు చూపించమని అడగడం మర్యాద కాదనుకున్నాను. ప్రతిసారీ తెచ్చాను. ప్రతి పెట్టె మీదా 'కాళ్లకు' అని రాశాను.

దసరా సెలవులయ్యాక ఒకరోజు ఆమె అటక మీదనుంచి పాత బిస్కెట్ల డబ్బా దించింది. మూత తీస్తే తెల్లగా, మెత్తగా, ఇప్పనూనె వాసన సగమే ఉన్న ముద్ద. "కొత్త పాకం బిడ్డా. నీ కోసమే చేసిన" అంది. తనే వేలితో తీసి నా చెంపలకు పట్టించింది. ఆ రోజు మోచేతి మడత మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. అమ్మ పెట్టినా చూసి పెట్టుకోమని చెప్పిన మనిషే పెడుతుంటే ఇంకేం అడుగుతాను?

పది రోజుల్లో నా ముఖం మారిపోయింది. నున్నగా, తెల్లగా. తెల్లగా అంటే మా అక్కంత కాదు, కానీ నేను కాదన్నంత. బడిలో పిల్లలు కళ్లప్పగించి చూశారు. కొల్లాపూర్‌లో మేనత్త కొడుకు పెళ్లికి పోతే, ఫోటోలో ఎవరో నన్ను చెయ్యిపట్టి ముందుకు లాగారు. ఆ ఫోటో ఇంకా ఉంది. నవ్వుతున్నాను అందులో, పళ్లన్నీ కనపడేలా.

ఊరు ఊరంతా మళ్లీ అవ్వ గడప తొక్కింది. కిరాణా కొట్టు పొట్లాలు ఎండకు వెలిసిపోయాయి. "పంతులమ్మకు పెట్టింది మాకు పెట్టు" అని ఆడపిల్లలు గిన్నెలు పట్టుకుని వరస కట్టారు. ఆమె నన్ను పిలిచి, నా ముఖం వెలుతురు వైపు తిప్పి, వాళ్లకు చూపించేది. నేను కూడా గర్వంగా నిలబడేదాన్ని. దుకాణంలో బొమ్మ నిలబడ్డట్టు నిలబడ్డాను.

ఎండాకాలం రాగానే మొదలైంది. మధ్యాహ్నం గడప దాటితే చెంపలు భగ్గుమనేవి. చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద ఎర్రటి నరాలు సన్నగా కనపడేవి. కొంగు కప్పుకున్నా మంటే. అవ్వకు చెబితే "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని ఇంకాస్త పూసేది. పూయగానే చల్లబడేది. సెలవులకు కొల్లాపూర్ దిగాను. తెచ్చుకున్నది వారంలో అయిపోయింది. అయిపోయిన నాలుగో రోజున నిద్రలేచి అద్దం చూసుకుంటే, అందులో ఉన్నది నేను కాదు. వాచి, ఎర్రబడి, చెంపలనిండా చీము పొక్కులు.

మా ఇంట్లో ముఖం కప్పుకునేది నానీ, అంటే అమ్మమ్మ, ఒక్కతే. ఆ ఎండాకాలం నేను కూడా ఆమెలా నకాబు వేసుకున్నాను. చుట్టాలు మెచ్చుకున్నారు. కొండమీదికి పోయాక పిల్లకు భక్తి పెరిగిందన్నారు. ఒక పెద్దమ్మ గుడ్డ మీదనుంచే నా నుదురు ముద్దుపెట్టుకుని దువా చేసింది. దేవుడి పేరు చెప్పి ముఖం దాచుకుంటున్నందుకు నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మీ నన్ను వనపర్తిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె నకాబు తీయించి, ఒక్క చూపు చూసి, "ఎన్ని నెలల నుంచి రాస్తున్నావమ్మా ట్యూబు?" అంది.

"ట్యూబు కాదు మేడం. ఇప్పనూనె."

"ఇప్పనూనె ఇట్ల చెయ్యదు. ఇది స్టెరాయిడ్ ట్యూబు పెట్టిన మొకమే."

"ఒట్టు మేడం. మా అవ్వ చేతితో చేస్తుంది. దుకాణం వస్తువు ముఖానికి తాకనివ్వదు."

డాక్టరమ్మ నా వంక జాలిగా చూసింది. అబద్ధాలాడే ఆడపిల్లల్ని ఆమె చాలామందిని చూసి ఉంటుంది. "నువ్వు చెప్పకున్నా నీ తోలు చెప్తుంది" అని చీటీ మీద మందులు రాయడం మొదలుపెట్టింది. అవ్వ మాటే డాక్టరమ్మ నోట విన్నాను. అయినా నమ్మలేదు. బస్సులో వస్తూ, చదువుకున్నవాళ్లకు పల్లెటూరి మందులంటే చులకన అని అమ్మీతో వాదించాను కూడా. డాక్టరమ్మ ముందు అవ్వ తరఫున ఒట్టు కూడా వేశాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపల కంటే ఆ ఒట్టే ఎక్కువ మండుతుంది.

జూన్‌లో బడి తెరిచారు. కొండెక్కాను. అడుగుదామనే పోయి గడపలో నిలబడ్డాను. కోడలు అప్పుడు ఏడో నెల కడుపుతో పీటమీద కూర్చుని ఉంది. అవ్వ నల్లకుండ గుడ్డ విప్పి, నూనె తీసి, కోడలి చెంపలకు మెల్లగా పట్టిస్తోంది. కొండగాలికి ఆ పిల్ల బుగ్గలు పొడిబారినా గట్టిగా, గోధుమరంగులో, మచ్చలేకుండా ఉన్నాయి. అందరి ముఖాలూ తెల్లబడిన ఆ ఏడాదంతా ఈ పిల్ల ముఖం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉందని నాకప్పుడు తోచింది.

నకాబు తీశాను. అవ్వ చూసింది. చూసి మళ్లీ కుండవైపు తిరిగింది.

"అవ్వా, దానికి డబ్బాలోది పెట్టు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "దానికొద్దు."

"ఎందుకొద్దు?"

"కడుపుతోని ఉన్నది గద."

"పోయినేడు కడుపుతోని లేదు గదా. అప్పుడెందుకు పెట్టలేదు?"

కోడలు అత్త ముఖమూ నా ముఖమూ మార్చిమార్చి చూసి, పాపం, తెలియక చెప్పేసింది. "నాకు అత్త ఎన్నడు పెట్టలే పంతులమ్మా. డబ్బల్ది బైటోళ్లకు, మనకు కుండల్దే అని చెప్పింది."

బైటోళ్లకు.

అటక అందుకోవడానికి నేను పక్కనున్న ఎత్తుపీట ఎక్కాను. ఆమె ఆపలేదు. డబ్బా పక్కకు జరిపితే దాని వెనక అట్టపెట్టెలు, ఒక్కొక్కటీ విప్పి, సాపు చేసి, దొంతరగా పేర్చి, పైన చిన్న రాయి పెట్టి ఉన్నాయి. ఆ ఇంట్లో అక్షరమున్న కాగితం పొయ్యిలో వేయరు. అక్షరం సరస్వతి అనేది ఆమె, పిల్లల చింపిన నోటుపుస్తకాలు కూడా కాల్చనిచ్చేది కాదు. నా అక్షరాలున్నవి కాబట్టి ఇంకా భద్రంగా దాచింది. పైనుంచి కిందిదాకా అన్నింటి మీదా నా చేతిరాతే. కాళ్లకు. కాళ్లకు. కాళ్లకు. నా ముఖం తగలబెట్టిన మందు నేనే నెలల తరబడి ఘాటెక్కించి మోసుకొచ్చాను.

"ఇది ముఖానికి వద్దని నేను చెప్పలేదా అవ్వా?"

"చెప్పినవ్."

"మరి?"

ఆమె గుడ్డతో వేళ్లు తుడుచుకుంది, ఒక్కొక్కటీ. "కాలికి పెడితె ఎనిమిది దినాలల్ల తెల్లగ, నున్నగ అయింది. కాలి తోలు మొద్దుది, దానికే గంత మంచిగ జేస్తె, నూనెల కలిపి పలచగ జేస్తె మొకానికి ఏం గాదనుకున్న."

"ఏం కాదనుకుంటే నీ కోడలికెందుకు పెట్టలేదు?"

నా వైపు చూడకుండానే అంది. "నా కోడలు అద్దం సూడదు. నువ్వు సూస్తుంటివి గద బిడ్డా."

"నేను నిన్ను తెల్లతోలు అడగలేదు."

"నోటితోని అడగలే."

అది నిజమే కాబట్టి ఇంకా మండింది. రంగుతో పనేంది అని తల నిమిరిన చెయ్యే నా లోపలి ఆశ పసిగట్టి, దాని మీద బేరం పెట్టింది. ఖాళీ అయిన గడప నిండటానికి ఒక ముఖం కావాల్సి వచ్చింది, నా ముఖం వాడుకుంది. కంచే చేను మేసిందంటారే, అదే. పరాయివాళ్లు చేసి ఉంటే రెండు తిట్లు తిట్టి మరిచిపోయేదాన్ని.

అయినా అక్కడే నిలబడ్డాను. నాకు కావాల్సింది ఒక్కటే. తప్పైంది బిడ్డా అంటే చాలు. అంటే నేను అక్కడే, ఆ పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చి, క్షమించేసేదాన్ని. నా గురించి నాకు తెలుసు. ఆమె కుండ మూతికి గుడ్డ కట్టింది, ముడి రెండుసార్లు బిగించింది, కోడలిని లెమ్మంది.

ఆ సాయంత్రం నేను ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలోది ఎవరూ రాయొద్దని చెప్పాను. నా ముఖం చూపించాను, ఈసారి నకాబు నేనే తీసి. కొందరు భయపడి ఆపారు. కొందరు "తాను తెల్లగయ్యింది, మేమైతె ఓర్వలేకపోతుంది" అన్నారు. మర్నాడు పొద్దున ఇంటివెనక పెంటకుప్ప మీద డబ్బా బోర్లా పడి ఉంది. ముద్దంతా కుక్కలు కూడా ముట్టకుండా ఉంది. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ పాకం చేయలేదని తర్వాత విన్నాను. నాతో మాత్రం ఒక్కమాట చెప్పలేదు. నేను బడి పక్కన ఇంకో గదికి మారాను. పొద్దున నేను పోతుంటే గడపలో నిలబడేది. చిటికె పట్టే రెండు వేళ్లూ కొంగు చివర నలుపుతూ ఉండేవి. నేను తల తిప్పుకుని పోయేదాన్ని. ఏడాది చివర కొండ దిగాను, మళ్లీ ఎక్కలేదు.

చీము పొక్కులు తగ్గడానికి ఏడాది పట్టింది. చెంపల మీద ఎరుపు తగ్గలేదు. చలిగాలికీ ఎండకూ అది నాకంటే ముందు మేలుకుంటుంది. కాలం గడిచాక నకాబు తీసేశాను, భక్తి తగ్గిందన్నారు. అననీ. వెనక వరుసలో నాకు మళ్లీ చోటు దొరికింది.

గద్వాల బస్టాండులో ఇదంతా కోడలికి నేను చెప్పలేదు. ఆమెకు తెలుసు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక స్టీలు టిఫిను డబ్బా తీసింది.

"మా అమ్మకు తీస్కపోతున్న. మీరు దొరికిన్రు. తీస్కోండ్రి. అత్త పోయే ముందల ఒగటే చెప్పింది. పంతులమ్మ యాడన్న కలిస్తే ఇయ్యమన్నది. కుండల్ది, డబ్బల్ది గాదు అని రెండుమూడు పార్లు చెప్పింది."

"తప్పైందని ఏమన్నా చెప్పిందా?"

గొంతు నాకు తెలియకుండానే గట్టిగా వచ్చింది. పక్కన బెంచీ మీదివాళ్లు తిరిగి చూశారు. కోడలు తల అడ్డంగా ఊపింది.

"అదేం చెప్పలే పంతులమ్మా. కుండల్ది ఇయ్యమన్నది."

అయిజ బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఎంత చక్కటి ముఖం. ఒక్క మచ్చ లేదు.

ఇంటికొచ్చి మూత తీశాను. అదే వాసన. సగం కాదు, పూర్తి వాసన, అమ్మీ గుమ్మంలో ఆపిన వాసన. నెయ్యిలా పేరుకుని ఉంది. కొండమీద మొదటి చలికాలం, పొయ్యి, రేగడి భూమి మాట, అన్నీ ఒక్కసారే వచ్చి మీదపడ్డాయి. ఇది మంచిదని నాకు తెలుసు. నన్ను ఇంటిమనిషిగా లెక్కేసి పంపిందనీ తెలుసు. అంతకంటే ఆమెకు చేతకాలేదనీ తెలుసు. మోచేతి మడతలో చిటికెడు పెట్టుకుని పొద్దుగూకేదాకా చూశాను. దురద రాలేదు, ఎర్రబడలేదు.

ముఖం కడుక్కున్నాను. తడి ఉండగానే వేలితో తీశాను. చెంపదాకా తెచ్చాను. అక్కడినుంచి నా చెయ్యి ముందుకు కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డానో, ముఖం మీది తడి ఆరిపోయింది.

మంచం మీద కూర్చుని, వేలికున్నది మడమలకు రాసుకున్నాను. పగుళ్లలోకి మెత్తగా ఇంకింది. తర్వాత పెన్ను తీసి, చిన్న కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, డబ్బా మూతకు అంటించాను. కాళ్లకు.